కౌలు చేలో వరి పడిపోయింది, ఈ-క్రాప్‌లో ఆసామి పేరుంది: పెట్టుబడి రాయితీ ఎవరికి పడుతుంది?

కాకుమాను కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది గుంటూరు జిల్లా కాకుమాను మండలం. మొంథా తుపానుకి మురుగు కాలువ ఎగదన్ని చేలల్లో నీళ్లు ఐదు రోజులు నిలిచాయి. వరి బీపీటీ 5204. పల్లంలో ఉన్నది పొట్ట మీద (కంకి ఇంకా బయటికి రాకముందు) మునిగింది, మెరకన ఉన్నది ఈని వాలిపోయింది. మొత్తం 6 ఎకరాల 40 సెంట్లు. అందులో ఎకరం 60 సెంట్లు నాన్న పేరు మీద పట్టా. మిగతా 4 ఎకరాల 80 సెంట్లు నేను కౌలుకు చేస్తున్నా. కౌలు నోటిమాటే, కార్డు లేదు. ఆసామి, అంటే పొలం యజమాని, హైదరాబాదులో ఉంటారు. ఆ 4.80కి, ప్రభుత్వం ఆన్‌లైన్లో పంటలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో సాగుదారుగా ఆసామి పేరే పడిందని ఇప్పుడు తెలిసింది.

పంట నష్టం రాసేవాళ్లు పక్క ఊరిదాకా వచ్చారు, రెండు మూడు రోజుల్లో మా ఊరు వస్తారట. ఇప్పుడు ఏం చేయాలి? కౌలు చేనుకి పెట్టుబడి రాయితీ (పంట పోతే ప్రభుత్వం ఇచ్చే సాయం) నాకు వచ్చే దారుందా? ఎకరానికి ఎంత వస్తుంది? ఊళ్లో ఒకరు పదివేలంటారు, ఒకరు ఆరువేల ఎనిమిది వందలంటారు. చేను దున్నేసి మినుము చల్లుకోవచ్చా, వాళ్లు వచ్చేదాకా ఆగాలా?


గట్టుమీద:

ముందు డబ్బు లెక్క. ఊళ్లో ఇద్దరూ అబద్ధం చెప్పలేదు.

కేంద్రం విపత్తు నిధి నియమాల్లో (2022 నుంచి 2026 దాకా నడిచేవి) 33 శాతం, ఆ పైన నష్టపోయిన పంటకు హెక్టారుకు ఇచ్చేది ఇదీ: వర్షాధారమైతే 8,500, నీటి వసతి ఉంటే 17,000, బహువార్షిక తోటలకు 22,500. హెక్టారంటే రెండున్నర ఎకరాలని లెక్క వేస్తారు కాబట్టి నీటి వసతి ఉన్న వరికి ఎకరాకు 6,800. దీని మీద రాష్ట్రం తన డబ్బు కలిపి పెంచితే ఆ తుపానుకో వరదకో విడిగా జీవో ఇస్తుంది. 2024 సెప్టెంబరు వరదలప్పుడు, అదే విజయవాడలో బుడమేరు ముంచినప్పుడు, వరికి హెక్టారుకు 25,000 అన్నారు. ఎకరాకు పదివేలన్న మాట అక్కడిది. పాత జీవో రేటు కొత్త తుపానుకి దానంతటదే రాదు. మీ తుపానుకి వచ్చే జీవోలో ఏ అంకె ఉందో అదే లెక్క.

ఒక్కో రైతుకు 2 హెక్టార్లు, అంటే 5 ఎకరాలే పరిమితి. మీరు 6.40 మొత్తం మీ ఒక్కరి పేరు మీద రాయించుకుంటే ఎకరం 40 సెంట్లు పోయినట్టే: 5 × 6,800 = 34,000. నాన్నగారి 1.60 ఆయన పేరునే ఉంచి కౌలు 4.80 మీ పేరున పడితే ఇద్దరూ పరిమితి లోపలే ఉంటారు: 10,880, 32,640, కలిపి 43,520. కౌలుది ఆసామి పేరునే ఉండిపోతే మీ ఇంటికి వచ్చేది ఆ 10,880 ఒక్కటే. కాబట్టి 4.80 దగ్గర సాగుదారు గడి మార్పించడమే మీకు ఇప్పుడు అసలు పని. నష్టం ఎంత జరిగిందన్నది దాని తర్వాత సంగతి. రాసేవాళ్ల ట్యాబులో ఈ-క్రాప్ వరస తెరుచుకుని అందులో ఉన్న పేరు మీదే నష్టం నమోదవుతుంది. గట్టు మీద ఎవరు నిలబడ్డారన్నది అందులో కనపడదు.

ఇక 33 శాతం. చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. 35 శాతం పోయినా 90 శాతం పోయినా దెబ్బతిన్న విస్తీర్ణానికి రేటు ఒకటే. 30 శాతం అని రాస్తే మాత్రం సున్నా. అందుకని వాదించాల్సింది ఆ గీత దగ్గరే. ఎనభయ్యా తొంభయ్యా అని పేచీ పడి లాభం లేదు.

పొట్ట దశలో మునిగిన చేను పైకి పచ్చగానే ఉంటుంది. దారి మీద నుంచి చూసినవాడు బాగానే ఉందని రాసుకుని పోతాడు. లోపలికి దిగి నాలుగైదు చోట్ల దుబ్బుకో పిలక లాగి, పొట్టని గోటితో నిలువునా చీల్చి చూపించండి. బాగున్న కంకి లేత ఆకుపచ్చగా, తెల్లగా, నీటి తళుకుతో ఉంటుంది. కుళ్లినది గోధుమ రంగుకి తిరిగి, వేళ్ల మధ్య నలిపితే జిగురుగా ఉండి వాసన వేస్తుంది. ఇది కెమెరాకి కూడా బాగా దొరుకుతుంది. ఈని వాలిన మెరక చేనుది వేరే లెక్క. పూత మీద వాన కొట్టి పుప్పొడి కడుక్కుపోతే గింజ పాలు పోసుకోదు, కానీ అది తాలు అని తేలడానికి వారం పది రోజులు పడుతుంది. అప్పటికి వాళ్లు వచ్చి వెళ్లిపోతే? "గింజ పట్టడం తేలలేదు, మళ్లీ చూడాలి" అని వాళ్ల రిజిస్టరులోనే రాయమనండి. రెండోసారి వచ్చినప్పుడు అక్కడక్కడ పది కంకులు కోసి, గట్టి గింజ ఒక పక్క, తాలు ఒక పక్క లెక్కపెట్టి చూపించండి.

విస్తీర్ణానికి కూడా ఇలాంటి కిటుకు ఒకటుంది. మునిగిన దుబ్బులు ఎన్ని చచ్చాయో చూడాలంటే చదరపు మీటరు చట్రం వేసి లెక్కపెట్టొచ్చు. 20 × 15 సెంటీమీటర్ల ఎడంలో నాటితే చదరపు మీటరుకి 33 దుబ్బులుంటాయి. 11 చచ్చాయంటే మూడో వంతు. పల్లం, మెరక కలిపి ఒకే సర్వే నంబరులో ఉంటే మొత్తానికి సగటు తీయనివ్వకండి. పల్లపు భాగం ఎన్ని సెంట్లో కొలిపించి, "దెబ్బతిన్న విస్తీర్ణం" గడిలో అదే రాయించండి. 2 ఎకరాల బిట్టులో 60 సెంట్లు పూర్తిగా పోతే ఆ 60కి వస్తుంది. సగటు తీసి 30 శాతమని రాస్తే రెండెకరాలకీ ఏమీ రాదు.

దున్నే సంగతి: వాళ్లు చూసేదాకా దున్నొద్దు. నీళ్లు మాత్రం ఆగకుండా తీసేయండి. గట్టు తెగ్గొట్టి మురుగు వదిలినా, కంకి మొలకెత్తకుండా 5 శాతం ఉప్పు ద్రావణం (లీటరుకి 50 గ్రాములు) కొట్టినా అర్హత ఏమీ పోదు. అలా కొడితే బాగున్నట్టు లెక్కేస్తారని కొందరు భయపడి ఊరుకుంటారు. అనవసరం.


తెనాలి డెల్టా:

గట్టుమీద గారి లెక్క సరిగ్గా ఉంది. కౌలు గురించి నేను రాస్తా, ఈ డెల్టాలో సగం గొడవ అదే.

పంట సాగుదారు హక్కుల చట్టం 2019లో వచ్చింది. దాని కింద ఇచ్చే కార్డునే సీసీఆర్సీ అంటున్నాం. 11 నెలలకి ఇస్తారు, పంట మీద హక్కే తప్ప భూమి మీద హక్కు రాదని చట్టంలోనే ఉంది. ఆసాములకి ఈ ముక్క చెప్పేవాడు లేక సంతకం పెట్టరు. కార్డు ఉంటే మీ పని సులువు: ఈ-క్రాప్‌లో కౌలుదారుగా మీ పేరు, మీ ఆధారు, మీ వేలిముద్ర ఎక్కుతాయి. కార్డు లేకున్నా అసలు సాగుదారుగా పేరు ఎక్కించిన ఊళ్లు ఉన్నాయి. కాకపోతే ఆసామి ఒక్క కాగితం మీద అభ్యంతరం రాస్తే ఆ వరస ఆగిపోతుంది. కాబట్టి ముందు ఆసామికి ఫోన్ చెయ్యండి, తర్వాతే ఆఫీసుకి వెళ్లండి. ఈ క్రమం తిప్పితే చాలాసార్లు బెడిసికొడుతుంది. ఆఫీసు నుంచి ఫోన్ వెళ్లిందంటే ఆయన భూమికి ఏదో ఎసరు వస్తోందనుకుంటారు.

ఆసామికి చెప్పాల్సింది మూడు ముక్కలు. ఒకటి, ఇది పంట పెట్టుబడికి ఇచ్చే డబ్బు, పట్టాకి సంబంధం లేదు. రెండు, అడంగల్లో (ఊరి భూమి, సాగు వివరాల రికార్డులో) యజమాని గడి మారదు, సాగుదారు గడే మారుతుంది. మూడు, ఈ ఖరీఫుకి మాత్రమే. ఆయన ఒప్పుకుంటే తెల్లకాగితం మీద అంగీకార పత్రం రాసి, సంతకం పెట్టి, ఆధారు నకలు మీద కూడా సంతకంతో ఫోనులో పంపమనండి. అసలు కాగితం పోస్టులో తెప్పించుకోండి.

"నా ఖాతాలో పడితే తీసి ఇస్తాలే" అని ఆసామి అంటే? మంచివాడైతే ఇస్తాడు. కాకపోతే ఆయనకి వేరే చోట పొలం ఉండి దానికీ నష్టం రాస్తే, ఐదెకరాల పరిమితి అక్కడే నిండిపోయి మీ 4.80కి కోత పడుతుంది. ఈ సంగతి ఆయనకీ మీకూ డబ్బు పడేదాకా తెలియదు. నోటిమాట మీద ఆధారపడొద్దనడానికి ఇదే అసలు కారణం.

రైతు సేవా కేంద్రంలో (పాత పేరు రైతు భరోసా కేంద్రం) ఇవ్వాల్సిన అర్జీ ఇలా ఉంటే చాలు:

"మండల వ్యవసాయాధికారి గారికి. ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానా, విస్తీర్ణం 4 ఎకరాల 80 సెంట్లలో 2025 ఖరీఫులో వరి బీపీటీ 5204ను కౌలుకు నేను సాగు చేస్తున్నాను. ఈ-క్రాప్‌లో సాగుదారుగా భూ యజమాని పేరు నమోదైంది. యజమాని అంగీకార పత్రం జతచేశాను. విచారించి సాగుదారు పేరును సరిచేసి, పంట నష్టం నమోదులో నా పేరు చేర్చవలసిందిగా కోరుతున్నాను. జత: అంగీకార పత్రం, ఇద్దరి ఆధారు నకళ్లు, 1బీ (భూమి హక్కు రికార్డు) నకలు, పొలంలో తీసిన ఫొటోలు, ఎరువుల బిల్లులు."

రెండు నకళ్లు తీసుకెళ్లండి. ఒకదాని మీద తేదీ, ముద్ర, సంతకం వేయించుకుని జేబులో పెట్టుకోండి. ముద్ర లేకపోతే అర్జీ ఇచ్చినట్టు రుజువేదీ ఉండదు. తహసీల్దారు ఆఫీసులో కూడా ఇదే కాగితం ఒకటి ఇవ్వండి. ఈ-క్రాప్‌కి వ్యవసాయ సహాయకుడితో పాటు వీఆర్వో కూడా ధ్రువీకరించాలి కాబట్టి, ఇద్దరిలో ఎవరో ఒకరి దగ్గర ఆగిపోతుంటుంది.


పొన్నూరు రోడ్డు:

దున్నొద్దు అనడం తేలికే. మాగాణిలో మినుము పదును పోతే రబీ కూడా పోయినట్టే కదా? ఎన్నాళ్లని కూర్చోవాలి?


గట్టుమీద:

న్యాయమైన ప్రశ్నే. ఆగలేకపోతే చేయాల్సింది ఇదీ. దున్నే ముందు పొలం నాలుగు మూలల నుంచి, మధ్యలో నుంచి ఫొటోలు తీయండి. అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము ఫొటో మీదే పడే జీపీఎస్ కెమెరా యాప్ వాడండి. ఒక ఫొటోలో అయినా గుర్తుపట్టే వస్తువు ఉండాలి: బోదె తూము, కరెంటు స్తంభం, గట్టు మీద తాడిచెట్టు. ఆ ఫొటోలు గ్రామ వ్యవసాయ సహాయకుడికి వాట్సాపులో పంపి, "ఫలానా తేదీన దున్నుతున్నాను" అని కింద రాయండి. పక్క చేల రైతులు ఇద్దరితో, వీఆర్వోతో పంచనామా కాగితం మీద సంతకాలు చేయించండి. అంతా దున్నకుండా ఒక మూల ఐదు సెంట్లు అలాగే వదిలేస్తే ఇంకా మంచిది. వచ్చినవాళ్లకి కంటికి కనపడే ముక్క ఒకటి ఉంటుంది.

ఈ దశలో ఉన్న వరికి ఇంత హడావిడి అక్కర్లేదు కూడా. మెరక చేను సగం గింజ పట్టొచ్చు. దాన్ని ఇప్పుడే దున్నేస్తే అదీ పోతుంది.


బ్యాంకు కిటికీ:

జాబితాలో పేరుండీ డబ్బు పడనివాళ్ల సంగతి నేను రాస్తాను. ఈ డబ్బు మీరు ఇచ్చిన ఖాతా నంబరుకి కాకుండా ఆధారు నంబరుకి వెళ్తుంది. ఆ ఆధారు ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) పట్టికలో ఏ బ్యాంకుకి కట్టి ఉందో ఆ బ్యాంకులో పడుతుంది. మీకు మూడు ఖాతాలున్నా చివరిసారి ఏ బ్యాంకులో ఆధారు సీడింగు చేయించారో అదొక్కటే లెక్క. "ఖాతాకి ఆధారు ఇచ్చాను" అంటే కేవైసీకి ఇచ్చినట్టు. సీడింగు వేరు, దానికి విడిగా అంగీకార ఫారం ఉంటుంది. కౌంటర్లో కూడా ఈ రెండింటినీ కలిపేసి "అయిపోయింది పోండి" అంటుంటారు.

చూసుకోవడం ఇలా: ఆధారుకి లింకైన ఫోను నుంచి *99*99*1# కొట్టి ఆధారు నంబరు ఇస్తే కట్టి ఉన్న బ్యాంకు పేరు వస్తుంది. లేదా ఆధారు సైటులో ఓటీపీతో లాగినై బ్యాంకు సీడింగు స్థితి చూడండి. అక్కడ యాక్టివ్ అని ఉండాలి. ఇనాక్టివ్ అని ఉంటే ఆ బ్యాంకు శాఖకి వెళ్లి మళ్లీ సీడింగు ఫారం ఇవ్వాల్సిందే. ఇది ఇవాళే చేయండి, నాన్నగారిదీ చూడండి. డబ్బు తిరిగిపోయాక మళ్లీ వేయించుకోవడం ఒక యజ్ఞం.

పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాలకి 50,000 నిల్వ పరిమితి, ఏడాదికి లక్ష జమ పరిమితి ఉంటాయి. ముసలివాళ్ల ఖాతాలు చాలా అలాంటివే. ప్రభుత్వ సాయం, పింఛను, ధాన్యం కొనుగోలు డబ్బు పడేటప్పుడు నిల్వ పరిమితిని చూడకూడదని నియమం ఉంది, కానీ ఏడాది జమ గీత దగ్గరికి వచ్చి ఉంటే ఇబ్బంది రావచ్చు. కేవైసీ పూర్తిచేయిస్తే ఆ గొడవ ఉండదు.

పంట రుణం బాకీ ఉంటే ఇంకో మాట. పడ్డ డబ్బు బాకీకి మళ్లించుకోవద్దని మేనేజరుకి ముందే కాగితం ఇవ్వండి. మళ్లించుకుంటే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకి ఫిర్యాదు చేయొచ్చు. ఆర్బీఐ 2018 మార్గదర్శకాల్లో విపత్తు ప్రకటించిన చోట పంట నష్టం 33 నుంచి 50 శాతమైతే స్వల్పకాల రుణాన్ని రెండేళ్ల దాకా, 50 దాటితే ఐదేళ్ల దాకా తిరగరాయొచ్చని ఉంది. రెండింట్లోనూ మొదటి ఏడాది కట్టక్కర్లేని గడువు కలిసే ఉంటుంది. అంటే సాయానికి 33 గీత ఒక్కటే అయినా బ్యాంకు దగ్గర 50 గీత కూడా పనికొస్తుంది. గట్టుమీద గారు ఎనభయ్యా తొంభయ్యా అని పేచీ వద్దన్నారు గానీ, 45 అని రాస్తుంటే 50 దాటిందని చూపించడం రుణం ఉన్నవాడికి లాభమే.


గట్టుమీద:

బ్యాంకు గారూ, ఆ మాట నిజమే. రుణం సంగతి నేను ఆలోచించలేదు.


కాకుమాను కుర్రోడు:

చాలా థ్యాంక్సండీ అందరికీ. ఆసామితో మాట్లాడాను, అంగీకార పత్రం పంపిస్తానన్నారు. నాన్న ఖాతా ఇనాక్టివ్ అనే వచ్చింది, సోమవారం బ్యాంకుకి వెళ్తున్నాం. ఇంకో రెండు సందేహాలు. నాన్న 1.60 ఈ-క్రాప్ కాగితం తీయించాను. నీటి వనరు దగ్గర "వర్షాధారం" అని ఉంది. మాది కాలవ కింద మాగాణి. ఇంకోటి, రీసర్వే తర్వాత మాకు సర్వే నంబరు బదులు ఎల్పీ నంబరు (భూమి ముక్కకి ఇచ్చే కొత్త నంబరు) ఇచ్చారు, అందులో పక్కాయన 70 సెంట్లు కూడా కలిసి ఉమ్మడిగా ఉంది. నష్టం రాసేటప్పుడు ఇబ్బందా?


గట్టుమీద:

మొదటిది వెంటనే సరిచేయించండి. ఆ ఒక్క గడి వల్ల హెక్టారుకి 17,000 కాస్తా 8,500 అవుతుంది. నాన్నగారికి 10,880 రావాల్సింది 5,440 వస్తుంది. మాగాణిలో వర్షాధారం అని పడటం చాలా చోట్ల చూస్తాం: నాట్లప్పుడు కాలవ రాక వాన నీళ్లతో దమ్ము చేస్తే అప్పుడలా రాసేస్తారు, లేదా ట్యాబులో మొదటి ఎంపికే నొక్కి పోతారు. రుజువుకి అడంగల్లో నీటి వనరు గడి, నీటి తీరువా రసీదు ఉంటే చాలు. జాబితా ఇంకా గ్రామ స్థాయిలో ఉండగానే వ్యవసాయ సహాయకుడి చేత మార్పించండి. అక్కడ లాక్ అయ్యాక మార్పు మండల అధికారి లాగిన్‌కి, ఇంకా దాటితే జిల్లాకి వెళ్తుంది. ఒక్కో మెట్టుకీ ఒక కాగితం, కొన్ని రోజులు.

ఉమ్మడి ఎల్పీ నంబరుతో ఇబ్బంది ఉంటుంది. ఇద్దరి మొత్తం విస్తీర్ణం 2.30 కదా. ఈ-క్రాప్‌లో ఇద్దరి వరసలూ కలిపి 2.30 దాటకూడదు. పక్కాయన తనది 1 ఎకరం అని ముందే ఎక్కించుకుంటే నాన్నగారికి 1.30 మించి ఎక్కదు. ఇద్దరూ కలిసి వెళ్లి, పాత సర్వే నంబరు, పాత 1బీ నకలు చూపించి ఎవరి సెంట్లు వాళ్లకి రాయించుకోండి. ఎల్పీ నంబరు విడగొట్టే పని రీసర్వే అర్జీలో విడిగా నడుస్తుంది, దాని కోసం ఈ జాబితా ఆగదు. రెండూ ఒకే అర్జీలో పెట్టొద్దు. పెడితే రెండూ సర్వేయరు బల్ల మీద కూర్చుంటాయి.


తెనాలి డెల్టా:

ఇంకోటి కలుపుతా. చనిపోయిన తాత పేరు మీదే ఖాతా ఉండి ముటేషను (రికార్డులో పేరు మార్పు) కాని పొలాలు ఉంటాయి. వెబ్‌ల్యాండులో (ఆన్‌లైన్ భూమి రికార్డులో) ఆధారు కూడా ఆయనదే ఉంటుంది. ఈ-క్రాప్ కేవైసీకి బతికున్న మనిషి వేలిముద్ర కావాలి, లేకపోతే వరస సగంలో ఆగిపోతుంది. అలాంటివాళ్లు వారసుల్లో నిజంగా సాగు చేసేవాడి పేరు సాగుదారుగా పెట్టించుకోవాలి. ఇంటిపేరు వెబ్‌ల్యాండులో ముందు, ఆధారులో వెనక ఉన్నా కొన్నిసార్లు తిరస్కరిస్తారు. అది కూడా చూసుకోండి.

నష్టం రాయడం అయ్యాక జాబితాని రైతు సేవా కేంద్రంలో, సచివాలయంలో సామాజిక తనిఖీకి అంటిస్తారు. అది ఉండేది కొద్ది రోజులే. ఫోన్లో ఫొటో తీసుకుని ఐదు గడులు చూడండి: సాగుదారు పేరు, ఆధారు చివరి నాలుగంకెలు, సర్వే లేదా ఎల్పీ నంబరు, దెబ్బతిన్న విస్తీర్ణం సెంట్లతో సహా, నీటి వనరు. విస్తీర్ణం హెక్టార్లలో ఉంటే కంగారు పడకండి, రెండున్నరతో గుణించుకోండి. 0.64 అంటే ఎకరం 60 సెంట్లు. తప్పుంటే అక్కడే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. నోటితో చెబితే "సరే చూస్తాం" అంటారు, అంతే. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేటులో ఫిర్యాదుల వేదిక ఉంటుంది, 1100 నంబరుకి కూడా చెప్పొచ్చు. అర్జీ నంబరు తప్పకుండా తీసుకోండి.

అసలు మీ చేనుకి ఎంత శాతం రాశారో చెప్పకపోతే సమాచార హక్కు కింద నమోదు పత్రం నకలు అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. సమాధానానికి 30 రోజుల గడువు కాబట్టి జాబితా మార్చుకోవడానికి అది ఆలస్యమే, కానీ వదిలిపోయినవాళ్ల అదనపు జాబితా పంపించేటప్పుడు చేతిలో కాగితం ఉంటుంది.


లంక అరటి:

మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోవద్దు. కొల్లిపర లంకల్లో అరటి, పసుపు, కంద ఉన్నవాళ్లు వ్యవసాయ సహాయకుడి చుట్టూ తిరిగి లాభం లేదు. వీటి జాబితా ఉద్యాన శాఖది, విడిగా తయారవుతుంది. మిర్చి కూడా అటే. గ్రామ ఉద్యాన సహాయకుడిని పట్టుకోవాలి. అరటి గెల వేసిన చెట్టు నడుముకి విరిగితే ఆ రోజే లెక్కపెట్టించాలి, నాలుగు రోజులాగితే పిలకలు పచ్చగా లేచి తోట బాగున్నట్టు కనపడుతుంది.

వరదకి పొలంలో ఇసుక మేట వేస్తే దానికి వేరే సాయం ఉంది. మేట 3 అంగుళాలు దాటితే హెక్టారుకి 18,000, నది కోసి భూమే పోతే 47,000. రెండూ చిన్న, సన్నకారు రైతులకే. ఇది రెవెన్యూ వాళ్ల చేతిలో ఉంటుంది. ఇసుక తీయించేసి తర్వాత అడిగితే ఎవరూ నమ్మరు. మేటలో గజం బద్ద గుచ్చి అంగుళాలు కనపడేలా ఫొటో తీసి పెట్టుకోండి. ఇక పట్టా లేని లంక భూములకి ఈ-క్రాపే కష్టం, అది వేరే పురాణం.


పొన్నూరు రోడ్డు:

కోసి పనల మీదున్న వరి తడిస్తే ఈ రాయితీ వస్తుందా? బీమా వేరేనా?


గట్టుమీద:

బీమా వేరే. రెండూ తీసుకోవచ్చు, ఒకటి వస్తే రెండోది పోదు. పెట్టుబడి రాయితీ నిలిచి ఉన్న పంట నష్టానికి. పనల మీద ఉన్నదాన్ని జాబితాలో రాస్తారా లేదా అన్నది ఆ తుపానుకి వచ్చే ఉత్తర్వుల్ని బట్టే, కాబట్టి రాయించుకునే ప్రయత్నం చేయండి గానీ దాని మీదే ఆధారపడకండి. ఫసల్ బీమాలో మాత్రం కోసి ఆరబెట్టిన పంటకి కోసిన రోజు నుంచి 14 రోజుల దాకా రక్షణ ఉంటుంది, మీ జిల్లా నోటిఫికేషనులో ఆ పంటకి అది పెట్టి ఉంటే. షరతు ఏమిటంటే 72 గంటల్లో చెప్పాలి: 14447 నంబరుకో, పంటల బీమా యాప్‌లోనో, బ్యాంకులోనో. నాలుగో రోజు చెబితే తీసుకోరు. కోసిన తేదీకి రుజువు ఉండదు చాలామందికి. కోత మిషను వాడి రసీదు మీద తేదీ వేయించుకోండి, లేదా కోస్తుండగా జీపీఎస్ ఫొటో ఒకటి తీసి పెట్టండి.

ఊరంతటికీ దిగుబడి తగ్గినప్పుడు వచ్చే బీమా అయితే గ్రామం యూనిట్‌గా పంట కోత ప్రయోగాల మీద లెక్కేస్తారు. దానికి మీరు ఫోన్ చేయాల్సింది లేదు. ప్రయోగం వేసే చేను ఏదో తెలిస్తే కోసే రోజు అక్కడ ఉండండి, తూకం మీ ముందు వేయమనండి.


కాకుమాను కుర్రోడు:

అంగీకార పత్రం వచ్చింది, అర్జీ మీద ముద్ర వేయించాను. వర్షాధారం మార్చి కాలవ అని పెట్టారు, కొత్త నకలు తీసుకున్నాను. రేపు పొద్దున్నే మా ఊరికి వస్తున్నారట. ఎవరెవరు వస్తారు, నేను ఏం పట్టుకుని వెళ్లాలి?


గట్టుమీద:

వ్యవసాయ సహాయకుడు, వీఆర్వో, గ్రామ సర్వేయరు వస్తారు. వీలుంటే మండల వ్యవసాయాధికారో తహసీల్దారో పైనుంచి చూస్తారు. ముద్ర పడ్డ అర్జీ, కొత్త ఈ-క్రాప్ నకలు, ఆధారు, పాసు పుస్తకం నకళ్లు, ఫొటోలున్న ఫోను, ఒక కొడవలి. నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్లండి, ఆయన 1.60 దగ్గర వేలిముద్ర ఆయనదే వేయాలి. ముందు పల్లపు చేలోకి దింపండి. గట్టు మీద నుంచి చూసి వెళ్లనివ్వకండి.